బంగారు కడ్డీలు, కాటుక చుక్క

నాకు కోపం ముందు వస్తుంది, ఆలోచన తర్వాత వస్తుంది. ఒకసారి ఆ రెండింటికీ మధ్య మూడు వారాలు పట్టింది. ఇప్పుడు చెప్పబోయేది ఆ మూడు వారాల సంగతే. చివరికి గెలిచాం కాబట్టి ఇంత దర్జాగా చెప్పుకుంటున్నాను. ఓడిపోయి ఉంటే చచ్చినా చెప్పేదాన్ని కాదు.

నేను పెరిగింది స్టీల్ ప్లాంటు క్వార్టర్లలో. మా నాన్న గోదావరి జిల్లా నుంచి వచ్చి కోక్ ఓవెన్ల దగ్గర పనికి కుదిరిన మనిషి. కెమిస్ట్రీ చదివాక నేను పరవాడలో ఒక మందుల కంపెనీలో, క్వాలిటీ కంట్రోల్‌లో చేరాను. అక్కడ పన్నెండేళ్ళు చేశాను. మేం తయారుచేసే వాటిలో కేన్సర్ మందులూ ఉండేవి. మందు పెట్టెలో మడిచిపెట్టే కాగితాన్ని సరిచూడటం కూడా నా పనే. అందులో మందు చేసే మంచి గురించి నాలుగు ముక్కలుంటే, చెడు గురించి నలభై ముక్కలుండేవి. జుట్టు ఊడుట, వాంతులు, నోటిపూత, రక్తకణాలు తగ్గుట. దొంగనూ దొరనూ ఒకే కర్రతో బాదే మందు అది. ఏళ్ళ తరబడి ఆ కాగితం చదివి చదివి నాకు ఒళ్ళు మండింది. ముప్పై ఏడో ఏట ఉద్యోగం మానేసి పీహెచ్‌డీలో చేరాను.

మా ఆయన పోర్టులో క్రేన్ ఆపరేటరు. నేను విషయం చెప్పేసరికి భోజనం చేస్తున్నాడు. "నువ్వు అనుకున్నాక నేను వద్దంటే మాత్రం ఆగుతావా? పెరుగు వెయ్యి" అన్నాడు. మా ఇంట్లో అనుమతి అంటే అంతే.

మా పని గురించి కాస్త చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. బంగారాన్ని మామూలు మైక్రోస్కోపుకి కూడా అందనంత సన్నటి కడ్డీలుగా పెంచుతాం. పెంచుతాం అనే అనాలి. వేడీ, పాళ్ళూ కుదిరితే అవి నీళ్ళలో వాటంతటవే పెరుగుతాయి, కుదరకపోతే అలిగి అడుగున ముద్దగా కూర్చుంటాయి. బాగా కుదిరిన రోజు నీళ్ళు పల్చటి కాఫీ డికాషన్ రంగులో ఉంటాయి. ఈ కడ్డీలకు ఒక గుణం ఉంది. కంటికి కనిపించని పరారుణ కాంతిని లేజరుతో వాటి మీద వేస్తే, దాన్ని పీల్చుకుని వేడెక్కుతాయి. ఆ కాంతి మన ఒంట్లో కొంత లోతు దాకా పోగలదు, దారిలో ఉన్న చర్మాన్ని పెద్దగా బాధించదు. కాబట్టి కడ్డీలను కేన్సర్ గడ్డలోకి చేర్చగలిగితే, పైనుంచి కాంతి వేసి గడ్డను మాత్రమే ఉడికించవచ్చు. పక్కనున్న మంచి కండ జోలికి పోనక్కర్లేదు.

మరి కడ్డీలు గడ్డలోకే ఎందుకు వెళ్ళాలి? అందుకని వాటికి ఫోలిక్ ఆసిడ్ తగిలిస్తాం. గర్భిణులకు ఇచ్చే మాత్రలో ఉండేదే. కొన్ని రకాల కేన్సర్ కణాలకు దాని మీద మహా ఆకలి. కనిపిస్తే చాలు, దానితో పాటు కడ్డీనీ మింగేస్తాయి. ఇదంతా నేను ఒకసారి సెమినార్‌లో అరగంట సేపు బొమ్మలు వేసి చెప్పాను. మా ల్యాబు అటెండరు వెనక నిలబడి విన్నది. ఆవిడది యారాడ, చేపలు పట్టే కుటుంబం. వయసులో నాకంటే పదిహేనేళ్ళు పెద్ద, అందుకే మా వైపు అక్కను పిలిచినట్టు అప్పా అని పిలిచేదాన్ని. సెమినార్ అయ్యాక కప్పులు తీస్తూ, "అంటే గేలానికి ఎర గుచ్చినట్టు కదేటమ్మా. ఎర కోసమొచ్చి గేలం మింగేత్తాది. ఇంతేనా, ఇంకేటైనా ఉన్నాదా?" అంది. ఇంకేం లేదు, అంతే.

సీతమ్మధారలో మా పక్కింటావిడకు మాత్రం ఈ పని మీద వేరే అనుమానం. "రోజూ బంగారంతోనే పనట కదా, కాస్తయినా చేతికి అంటదా?" అనేది. ఏడాది పొడుగునా పెంచిన కడ్డీలన్నీ కరిగించినా ముక్కుపుడక రాదంటే ఆవిడ నమ్మేది కాదు.

సీసాల్లోనూ, పళ్ళేల్లో పెంచిన కణాల మీదా రెండేళ్ళు పనిచేశాక ఎలుకల మీద చూసే దశకు వచ్చాం. దానికి జంతు ప్రయోగాల కమిటీ అనుమతి కావాలి. వాళ్ళు కాగితాలన్నీ చూసి ఒక్క షరతు పెట్టారు. స్వయంగా వచ్చి చూస్తారట. ఒక సీసాలో కడ్డీలున్న నీళ్ళు, ఇంకో సీసాలో ఉత్త నీళ్ళు. రెండింటి మీదా అదే లేజరు, అంతే సేపు. మొదటిది వేడెక్కాలి, రెండోది వేడెక్కకూడదు. ఉత్త నీళ్ళు కూడా వేడెక్కాయంటే, కాల్చేది బంగారం కాదు, లేజరే అన్నమాట. అప్పుడది మంచి కండనూ కాలుస్తుంది. అలాంటి పనికి ఎలుకలనివ్వరు, ఇవ్వకూడదు కూడా. మా గైడు సారు వచ్చే వేసవికి రిటైరవుతారు. ఈ విడతలో అనుమతి రాకపోతే మా పని అక్కడితో మూతపడుతుంది. నేను మళ్ళీ పరవాడ బస్సెక్కి ఆ కాగితాలే చదువుకోవాలి.

అయినా నాకు భయమేమీ లేదు. ఉత్త నీళ్ళ సీసా ఎన్నిసార్లు పెట్టినా థర్మామీటరు ఒక డిగ్రీ కూడా సరిగ్గా కదిలేది కాదు. కడ్డీల సీసా అయితే చెయ్యి పెట్టలేనంత వేడెక్కేది. ఆ రెండు గీతలనూ ఒకే గ్రాఫు మీద వేసి గోడకు అంటించాను. వచ్చిన ప్రతివాళ్ళకూ చూపించేదాన్ని.

అసలు గొడవ దసరాకు మొదలైంది. మా ఊళ్ళో ఆయుధపూజ చిన్న సంగతి కాదు. పోర్టులో మా ఆయన క్రేనుకు అరటి పిలకలు కట్టి, గుమ్మడికాయ కొట్టాక ఆ పూట దాన్ని ఎవరూ ముట్టుకోరు. మా నాన్న ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఓవెను తలుపుకు బొట్టు పెట్టాడు. అలాంటి ఇంట్లో పుట్టి, అలాంటి ఇంటికి కోడలై, నేను లేజరుకు పూజ చెయ్యకుండా ఎలా ఉంటాను? మా సారుకు ఇవేవీ గిట్టవు. "పెట్టె మీద ఒక బొట్టు పెట్టుకోమ్మా. అద్దాల జోలికి మాత్రం వెళ్ళకు" అని చెప్పి ఇంటికి వెళ్ళిపోయారు. నేను అద్దాల జోలికి వెళ్ళలేదు. లేజరుకు చక్రాలు లేవు కాబట్టి నిమ్మకాయలు బల్ల కాళ్ళ దగ్గర పెట్టి సరిపెట్టాను. అంతటితో ఆగి ఉంటే బాగుండేది.

ముందు రోజు పక్క డిపార్ట్‌మెంటు నుంచి ఒకాయన వచ్చి గోడ మీద గ్రాఫు చూసి, "అబ్బ, ఎంత బాగా వచ్చిందండీ మీకు! మాకెందుకు రాదో" అని పెద్ద నిట్టూర్పు విడిచి వెళ్ళాడు. ఆ నిట్టూర్పు నా చెవిలోనే ఉండిపోయింది. నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందంటారు, గ్రాఫు ఏపాటి? నా బ్యాగులో అమ్మ ఇచ్చిన కాటుక భరిణె ఉంది. కొట్లో కొన్నది కాదు, ఆముదం దీపం మీద మసి పట్టి చేసినది. పసిపిల్లలకు అరికాలిలో ఎవరికీ కనిపించకుండా దిష్టి చుక్క పెడతాం కదా. అలాగే, సీసాలు నిలబెట్టే గాజుపలకను తిరగేసి, దాని అడుగున సరిగ్గా నడిమధ్యన శనగబద్దంత చుక్క పెట్టాను. పలకను మళ్ళీ దాని చోట్లో ఉంచి, దణ్ణం పెట్టుకుని ఇంటికి వచ్చాను. పులిహోర తినేసరికి ఆ చుక్క సంగతే మర్చిపోయాను.

సెలవులయ్యాక మొదటి రోజు ఉత్త నీళ్ళ సీసా పెట్టి లేజరు వేశాను. థర్మామీటరు ఒక డిగ్రీ పెరిగింది. తర్వాత మూడు. తర్వాత ఆరు. అలా ఎక్కుతూనే ఉంది. నేను లేజరు కట్టేసి, మళ్ళీ వేసి, మళ్ళీ కట్టేసి, కుర్చీలో కూలబడ్డాను.

చదివేవాళ్ళకు ఈపాటికి సంగతి అర్థమైపోయి ఉంటుంది. నల్లటి మసి ఏ కాంతినైనా పీల్చుకుంటుంది, వేడెక్కుతుంది. లేజరు పైనుంచి నీళ్ళలోంచి దిగి, గాజులోంచి దిగి, సరిగ్గా నా చుక్క మీద పడుతోంది. చుక్క వేడి గాజుకు, గాజు వేడి సీసాకు. ఎనిమిదో తరగతి పిల్లలైనా చెప్పే మాట. నాకు తట్టలేదు. ఎందుకంటే నా దృష్టిలో అది మసి కాదు, రక్ష. రక్ష మీద ఎవరికి అనుమానం వస్తుంది?

నీళ్ళు మార్చాను. మూడుసార్లు డిస్టిల్ చేసిన నీళ్ళు తెచ్చాను. థర్మామీటరు మార్చాను. లేజరు అమ్మిన కంపెనీ ఇంజనీరును హైదరాబాదు నుంచి రప్పించాను. ఆయన మిషను విప్పి, బిగించి, "మేడమ్, లేజరు బంగారంలా ఉంది" అని సర్టిఫికెట్ రాసిచ్చి వెళ్ళాడు. గాజుపలకను రోజూ నా చేత్తో నేనే స్పిరిట్‌తో తుడిచేదాన్ని, పైవైపు మాత్రం. సీసా కదిలితే కొలత మారుతుందని పలకను దాని చట్రంలోంచి ఎత్తేదాన్ని కాదు. ఒక వారం పోయింది, రెండు వారాలు పోయాయి. కమిటీ వచ్చే రోజు దగ్గరపడుతోంది. ఇంట్లో గరిటె జారితే అరిచాను, పాలు పొంగితే అరిచాను. మా ఆయన మాట్లాడకుండా క్రేన్ డ్యూటీకి ముందే వెళ్ళిపోవడం మొదలుపెట్టాడు.

ఇక మిగిలింది ఒకటే కారణం అనిపించింది. సీసాలు. కడ్డీలు గాజుకు అంటుకుంటాయి. సరిగ్గా కడగకపోతే పాత బంగారం కొత్త సీసాలో మిగిలి, ఉత్త నీళ్ళనూ వేడెక్కిస్తుంది. బంగారాన్ని కరిగించే ఆసిడ్‌తో నేనే తొలుస్తాను. ఆ తర్వాత పదిసార్లు నీళ్ళతో కడిగి ఆరబెట్టేది అప్ప.

ఆ రోజు అందరూ ఉండగానే అడిగాను. "అప్పా, సీసాలు నిజంగా పదిసార్లు కడుగుతున్నావా, రెండుసార్లు ముంచి తీసేస్తున్నావా?"

ఆవిడ చేతిలో తడిగుడ్డ అలాగే ఉండిపోయింది. "అదేటమ్మా అలాగంటావు? నెక్కెట్టుకుని కడుగుతన్నాను."

"మరి నీళ్ళెందుకు వేడెక్కుతున్నాయి? నువ్వు చేసే ఈ నిర్వాకానికి నా రెండేళ్ళ పని బుగ్గిపాలవుతోంది, తెలుసా?"

"నానేటి సేసినానమ్మా? సేపల గిన్నె తొలిసినట్టు తొలవనేదు. అమ్మోరి గిన్నెలు కడిగినట్టు కడిగినాను."

"అబద్ధాలాడకు" అన్నాను.

ఆ మాట నోట్లోంచి వచ్చిందని ఇప్పటికీ ఒప్పుకోబుద్ధి కాదు. ఆవిడ తడిగుడ్డ బల్ల మీద పెట్టి బయటికి వెళ్ళింది. నేను అంతటితో ఆగకుండా సారు గదికి వెళ్ళి, ఈవిడ ఉంటే నా పని జరగదు, వేరే చోటికి మార్చండి అని కాగితం రాసిచ్చాను. సారు కళ్ళజోడు తీసి నా వైపు చూశారు. "ఆలోచించే రాశావా?" అన్నారు. ఆలోచించే రాశానన్నాను. లైబ్రరీలో మనిషి కావాలంటున్నారు, ఈ వారాంతం నుంచి అక్కడికి వెళుతుందిలే అన్నారు. తర్వాతి నాలుగు రోజులూ సీసాలు నేనే కడుక్కున్నాను, పది కాదు, ఇరవైసార్లు. ఉత్త నీళ్ళు ఎప్పటిలాగే వేడెక్కాయి. అయినా నాకు బుద్ధి రాలేదు, అప్ప కడిగిన పాత మురికి ఇంకా వదల్లేదనుకున్నాను.

కమిటీ మర్నాడు వస్తుందనగా ఆ మధ్యాహ్నం అప్ప ల్యాబుకు వచ్చింది. లైబ్రరీకి వెళ్ళేముందు తాళాలు అప్పగించి, ఒక్కసారి బల్లలన్నీ తుడిచి వెళతానంది. నేను రేపు ఏం చెప్పాలో తెలియక కాగితం మీద పిచ్చిగీతలు గీస్తున్నాను. "నీ ఇష్టం" అన్నాను, తల కూడా ఎత్తలేదు. ఆవిడ ఒక్కొక్కటే ఎత్తి తుడుస్తోంది. పనిచేసిన చోటు వదిలేటప్పుడు అడుగు భాగం కూడా కడిగి వెళ్ళాలన్నది వాళ్ళ పద్ధతట. పడవ అమ్మేసేటప్పుడు కూడా అడుగు గీకి, కడిగి ఇస్తారట. ఇది తర్వాత చెప్పింది. నేను మూడు వారాల్లో ఎత్తని గాజుపలకను చట్రంలోంచి ఎత్తి తిరగేసింది.

"ఓలమ్మో, దీని కింద ఈ కాటుక సుక్కేటమ్మా?"

నేను తలెత్తాను.

"దిట్టి సుక్కా?" అని వేలితో తడిమి చూసింది. "మంచిదే గానీ, కరంటు ఎండ ఏసేది దీని మీదే కదేటి? నల్లదానికి ఎండ మా సెడ్డగా అంటుకుంటాది. మా యారాడలో నల్ల బరకం పట్టా పరిచి సేపలారేత్తే పూటలో ఎండిపోతాయి, కాలెడితే బొబ్బలే. నీలం బరకం మీద రెండు రోజులు పడతాది."

గురివింద గింజ తన కింద నలుపు ఎరగదని చిన్నప్పుడు అమ్మ నన్ను ఎన్నిసార్లు తిట్టిందో లెక్కలేదు. ఆ సామెత నాకోసమే పుట్టిందని అప్పుడు తెలిసింది. లేచి ఆవిడ చేతిలోంచి పలక లాక్కున్నాను. దూది, స్పిరిట్. చుక్క ఒక్క తుడుపుకు పోయింది, దూది నల్లబడింది. పలక పెట్టి, ఉత్త నీళ్ళ సీసా పెట్టి, అప్పకు ఒక నల్ల కళ్ళజోడు ఇచ్చి, నేనొకటి తగిలించుకుని లేజరు వేశాను.

ఒక నిమిషం. థర్మామీటరు కదల్లేదు. రెండు నిమిషాలు, కదల్లేదు. అయిదు నిమిషాలయ్యేసరికి అర డిగ్రీ పెరిగిందేమో. పదో నిమిషానికి అక్కడే నిలబడిపోయింది. తర్వాత కడ్డీల సీసా పెట్టాను. రెండో నిమిషానికే నలభై దాటి పైకి దూసుకుపోయింది.

నేను నవ్వాను. నవ్వుతూనే ఏడ్చాను. ఏడుస్తూ ఆవిడ రెండు చేతులూ పట్టుకుని, "అప్పా, తప్పు నాది. నేనే పెట్టాను ఆ చుక్క. నిన్ను నానా మాటలూ అన్నాను" అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను.

ఆవిడ చేతులు వెనక్కి తీసుకోలేదు. అలాగని వెంటనే కరిగిపోనూ లేదు. "నన్ను దొంగ పని సేత్తన్నావన్నట్టు సూసినావు. అదే మనసుకు కట్టమనిపించినాది" అంది. నల్లబడ్డ దూది వైపు చూసి, "దిట్టి తగలకూడదని ఎట్టిన సుక్కే దిట్టయిపోనాది. ఇదేటి విడ్డూరమమ్మా!" అని పెదవి బిగపట్టుకుంది. తర్వాత ఆపుకోలేక పకపకా నవ్వింది. ఆ నవ్వుకు సారు గదిలోంచి బయటికి వచ్చారు.

సారుకు జరిగింది చెప్పాను. కోప్పడతారనుకున్నాను. గోడకు ఆనుకుని చాలాసేపు కడుపు పట్టుకుని నవ్వారు. తర్వాత నెమ్మదిగా, "రేపు వాళ్ళ దగ్గర ఇదంతా చెప్పక్కర్లేదు. ఇప్పుడు బాగా వస్తోంది కదా, అదే చూపించు" అన్నారు. నేను సరేనన్నాను. ఆ తర్వాత నేను ఇచ్చిన కాగితం అడిగి తీసుకుని ముక్కలు చేశాను.

మర్నాడు కమిటీవాళ్ళు అయిదుగురు వచ్చారు. వాళ్ళలో ఒక పెద్దావిడ, తెల్లజుట్టు, వైద్య కళాశాలలో చాలాకాలం పాఠాలు చెప్పి రిటైరైన డాక్టరు, ఎవరు మాట్లాడినా మధ్యలో ఆపి ప్రశ్న వేస్తుంది. ఉత్త నీళ్ళ సీసా పెట్టాను, కదల్లేదు. కడ్డీల సీసా పెట్టాను, ఎక్కింది. అందరూ తలలూపారు. ఆవిడ మాత్రం బల్ల మీదున్న నా నోట్‌బుక్ తీసి, పేజీలు వెనక్కి తిప్పుతూ కూర్చుంది.

"ఏమ్మా, ఈ మూడు వారాలూ ఉత్త నీళ్ళు వేడెక్కినట్టు నువ్వే రాశావు. ఇవాళ వేడెక్కలేదు. ఈ రెంటిలో నేను దేన్ని నమ్మాలి?"

సారు కిటికీ వైపు చూశారు. లేజరులో చిన్న లోపం, బాగుచేయించాం అనేస్తే సరిపోయేది. ఇంజనీరు వచ్చివెళ్ళిన కాగితం కూడా ఉంది. నోటి దాకా వచ్చింది. కానీ ఆ డాక్టరమ్మ అడిగింది సరైన ప్రశ్న. అలాంటి ప్రశ్నకు అబద్ధం చెప్పి ఎలుకలు తెచ్చుకుంటే, చెడును కూడా దాచకుండా చెప్పే ఆ పరవాడ కాగితాల మీద విసుక్కున్న నాకు ఏం మర్యాద మిగులుతుంది? పైగా నాకప్పటికే కోపం వచ్చింది, ఈసారి నా మీద నాకే.

"రెండూ నమ్మండి మేడమ్" అన్నాను. "ఎందుకో చూపిస్తాను."

బ్యాగులోంచి భరిణె తీశాను. అందరి ఎదుటా గాజుపలకను తిరగేసి, అడుగున చుక్క పెట్టాను. ఉత్త నీళ్ళ సీసా పెట్టి లేజరు వేశాను. థర్మామీటరు నోట్‌బుక్‌లో ఉన్నట్టే ఒక్కొక్క డిగ్రీ ఎక్కింది. లేజరు కట్టేసి చుక్క తుడిచాను. సీసా చల్లారాక మళ్ళీ వేశాను. కదల్లేదు. "దసరా పూజ రోజు దిష్టి తగలకూడదని నేను పెట్టిన చుక్క ఇది. మూడు వారాలు నాకు తెలియలేదు. కాంతి ఒక్కటే ఏమీ కాల్చదు మేడమ్. దాన్ని పీల్చుకునేది ఏదైనా ఉంటేనే కాలుతుంది. అది నిన్నటి దాకా నా కాటుక. ఇకనుంచి బంగారం."

డాక్టరమ్మ నోట్‌బుక్ మూసింది. ఆవిడ మొహంలో నవ్వు మొదలై, పక్కనున్న నలుగురికీ అంటుకుంది. "నలభై ఏళ్ళుగా ఇలాంటి కమిటీల్లో కూర్చుంటున్నాను. తమ తప్పును బ్యాగులోంచి తీసి చూపించినవాళ్ళు నాకు తగల్లేదు. ఇంతకంటే మంచి రుజువు నువ్వు కావాలని ఆలోచించినా తట్టేది కాదు" అంది. తర్వాత, "ఎవరు కనిపెట్టారు?" అని అడిగింది.

నేను తలుపు దగ్గర టీ పళ్ళెంతో నిలబడ్డ అప్పను చూపించాను. "ఆవిడ. మా ల్యాబు అటెండరు. నాలుగైదు రోజుల ముందే నేను ఆవిడనే తప్పుపట్టి వెళ్ళగొట్టాను."

అయిదుగురూ ఆవిడ వైపు తిరిగారు. డాక్టరమ్మ లేచి వెళ్ళి, టీ పళ్ళెం తన చేతుల్లోకి తీసుకుని బల్ల మీద పెట్టి, ఆవిడను తన పక్క కుర్చీలో కూర్చోమంది. అప్ప నావైపు చూసింది, కూర్చోవచ్చా అన్నట్టు. కూర్చో అన్నాను. కూర్చుని, నల్ల బరకం నీలం బరకం సంగతి అయిదుగురికీ మొదటి నుంచి చెప్పింది, చేతులు తిప్పుతూ, ఎక్కడా తడుముకోకుండా. మేమందరం టీ చల్లారబెట్టుకుని విన్నాం. ఆ సాయంత్రమే అనుమతి కాగితం మీద అయిదు సంతకాలూ పడ్డాయి.

ఇంటికి వెళ్ళి మా ఆయనకు చెప్పాను. విని, "రేపు క్రేను కింద కూడా ఒకసారి చూసుకుంటాను, ఎవరేం పెట్టారో" అన్నాడు. ఆ రాత్రి మూడు వారాల తర్వాత మా ఇంట్లో ఇద్దరం కలిసి భోజనం చేశాం.

అప్ప లైబ్రరీకి వెళ్ళలేదు. "ఎలకల్ని సూడ్డానికి నన్నెయ్యండి, అవీ మేత తినేవే కదా" అని సారును తనే అడిగింది. శిక్షణ తీసుకుంది, తొడుగులూ మాస్కూ వేసుకోవడం నేర్చుకుంది. వాటికి నీళ్ళు పెట్టి, కింద పరిచిన పొట్టు మార్చి, ఒక్కొక్కదాన్నీ తూచి, అంకెలు నాకు చెప్పేది. ఒంటి పక్కన గడ్డ ఉన్న ఎలుకలవి. మూడు పంజరాలు. మొదటిదానికి కడ్డీలు ఇచ్చి కాంతి వేశాం. రెండోదానికి కాంతి ఒక్కటే. మూడోదానికి కడ్డీలు మాత్రం ఇచ్చి కాంతి వెయ్యలేదు. కాంతి వేసింది కొద్ది నిమిషాలే, అదీ మత్తు ఇచ్చి. రెండో రోజుకు మొదటి పంజరంలో గడ్డలు నల్లబడ్డాయి. తర్వాత ఎండి, పెచ్చు కట్టాయి. మిగతా రెండు పంజరాల్లో గడ్డలు రోజురోజుకూ ఊరుతూనే ఉన్నాయి. వాటిని చూడటం కష్టంగా ఉండేది. గడ్డ పెరిగినకొద్దీ అవి ఒక మూల వీపు గూనుపెట్టి ముడుచుకుని కూర్చునేవి. పెట్టిన మేత పెట్టినట్టే ఉండేది.

ఎలుక మనిషి కాదని నాకు తెలుసు. ఎలుకలో నెగ్గినవి మనిషి దగ్గర ఓడిపోయిన సంగతులు పరవాడలో చాలా చూశాను. ఇంకా ఎన్నో ఏళ్ళ పని ఉంది, అది నేను చేస్తానో నా తర్వాతివాళ్ళు చేస్తారో. అయినా ఆ పదకొండో రోజు ఉదయాన్ని నా నుంచి ఎవరూ తీసుకోలేరు. మెట్లెక్కుతుండగానే అప్ప కేక వినిపించింది.

"అమ్మా, బేగి రా! ఊడిపోనాది!"

పరిగెత్తాను. మొదటి పంజరం పొట్టులో నల్లటి పెచ్చు ఒకటి పడి ఉంది. ఎలుక ఒంటి మీద, నిన్నటిదాకా గడ్డ ఉన్న చోట, గులాబీ రంగు కొత్త చర్మం. చేత్తో తడిమాను, లోపల ఏమీ తగల్లేదు. మళ్ళీ తడిమాను. నోట్‌బుక్‌లో రాయబోతే కళ్ళలో నీళ్ళు పేజీ మీద పడ్డాయి. పన్నెండేళ్ళు చదివిన ఆ జాబితా మొత్తం గుర్తొచ్చింది. దీనికి బొచ్చు ఊడలేదు, బరువు తగ్గలేదు.

అప్ప నా భుజం పట్టి పంజరం వైపు తిప్పింది. ఎలుక వెనక కాళ్ళ మీద కూర్చుని, ముందు కాళ్ళతో మేత ముక్క పట్టుకుని, మమ్మల్ని పట్టించుకోకుండా కరకరా నమిలేస్తోంది.

"ఏడుపేటమ్మా? అటు సూడు. తింటంది!"